ఎవరి జాగ వాళ్లది

ఫిబ్రవరి 3, సోమవారం

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సు. లింగంపేట దాకా సీటు లేదు. తీరా కూర్చున్నాక అయిదు నిమిషాలకే లేవాలనిపించింది. ముప్పై ఒకటి వచ్చినా నాకు కుదురు రాలేదు. కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే అని అమ్మ బీడీలు చుడుతూ రోజుకోసారైనా అంటుంది. నిజమే అంటుంది.

పని ఇదీ. మా ట్రస్టుకు రెండు పఠన మందిరాలు. కామారెడ్డిది మా ఇంటికి నడిచిపోయేంత దూరం. అక్కడ నేను కాంట్రాక్టు అసిస్టెంటుని. రెండోది ఎల్లారెడ్డిలో. దాన్ని నడపడం దండగని సెక్రటరీ జీవన్ సార్‌కు ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడొక యాప్ కొన్నారు. ముందు అర మీది స్టిక్కర్, తర్వాత ఒక్కో పుస్తకం స్టిక్కర్ ఫోన్‌తో స్కాన్ చెయ్యాలి. సరైన అరలో ఉంటే పచ్చ టిక్కు. తప్పు అరలో ఉంటే ఎర్రగా మెరిసి కీచుమంటుంది. అసలు కనపడకపోతే మిస్సింగ్. ఎల్లారెడ్డిలో పుస్తకాలు ఎవరైనా చదువుతున్నారో లేదో ఈ యాప్ చూసి తేలుస్తారట. చదవట్లేదంటే ఆ గదికి తాళం, పుస్తకాలు లారీలో కామారెడ్డికి. అప్పుడు నిన్ను ఇక్కడే పర్మనెంటు చేద్దాం లేమ్మా వందనా, అన్నారు సార్.

తాళం పడితే నాకే మంచిది. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గేంటి, ఎవరు చూడొచ్చారు.

ఫిబ్రవరి 4

గది తెరిచేది రాజలింగన్న. తాళంచేతులు మొలతాడుకు కట్టుకుంటాడు. పొద్దున ఎనిమిదికి తెరిస్తే అప్పటికే గడపలో నలుగురు కూర్చుని ఉంటారు. అందరూ పరీక్షల వాళ్లే. గ్రూప్స్, కానిస్టేబుల్, టీచర్ పోస్టులు. ఒక్కరూ తలెత్తరు. నాకు అప్పుడే స్కాన్ మేడం అని పేరు పెట్టారు.

పుస్తకాల గతి చూస్తే నాకు మతి పోయింది. ఎకానమీ గైడు పశువైద్యం వెనకుంది. రాజ్యాంగం భజన కీర్తనల మధ్య. లెక్కల పుస్తకం పాత పేపర్ల కింద. ఫోన్ ఒకటే కీచు. ఇంత చదువుకున్నవాళ్లకు తీసిన పుస్తకం తీసిన చోట పెట్టే బుద్ధి లేదా అని రాజలింగన్నను అడిగాను. ఏమైతది మేడం, దొరికినకాడ వెడ్తరు, అన్నాడు. అంటూ కిటికీ వైపు చూశాడు.

ఫిబ్రవరి 6

కీచు, కీచు, కీచు. అన్నం తింటుంటే కూడా చెవిలో అదే.

ఫిబ్రవరి 8

ఒక్కో పుస్తకం లాగి, దుమ్ము దులిపి, దాని అరలో పెట్టి మళ్లీ స్కాన్ చేస్తున్నాను. ఎవరూ సాయం రారు. పైగా నేను ఏ ర్యాక్ దగ్గరికి పోతే ఆ ర్యాక్ వైపు దొంగచూపులు. నేను పుస్తకాలు ఎత్తుకుపోతానన్నట్టు. నాకు చిరాకు లేచి, ఏంటలా చూస్తారు, మీ ఇంటి బీరువానా ఇది అని గట్టిగానే అన్నాను. తలలు దించుకున్నారు. పెన్నుల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఫిబ్రవరి 12

అయిపోయింది! అన్ని ర్యాకులూ పచ్చ. మిస్సింగ్ అంటూ పెద్దగా ఏమీ లేదు. స్క్రీన్‌షాట్ సార్‌కు పంపితే బొటనవేలి బొమ్మ పంపారు. తిరుగు బస్సులో కిటికీ సీటు కూడా దొరికింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, మంచిదే, ఇగనన్న ఒక్కకాడ కూసో, అంది.

ఫిబ్రవరి 13

ఈరోజు గదిలో కొట్లాట.

గాంధారి అవతల తండా నుంచి పూలి అని ఒక పిల్ల వస్తుంది. జడ ముందుకేసుకుని మూలన కూర్చుంటుంది. ఈరోజు రాగానే నేరుగా పశువైద్యం ర్యాకుకు పోయింది. వరస వెనక చెయ్యి పెట్టింది. చెయ్యి ఖాళీగా వచ్చింది. అట్లాగే నిలబడి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఎకానమీ గైడు సాయికిరణ్ చేతిలో ఉంది. వాడిది గది వెనక గల్లీనే. పొద్దున్నే వచ్చి, అరలో బుద్ధిగా నిలబడి ఉన్న పుస్తకాన్ని తీసుకున్నాడు. జిందగీల మొదటిసారి దాని మొహం చూసిన, అని మురిసిపోతున్నాడు. పూలి పోయి సగం రోజు నాకియ్యి అంది. దొరికినోనికే దక్కుతది అన్నాడు. ఆమె లాగింది, వాడు లాగాడు, అట్ట ఊడింది. మిగతావాళ్లు కూడా కోళ్ల గంప తెరిచినట్టు ర్యాకుల మధ్య తిరుగుతున్నారు. ఎవరిది వాళ్లకు దొరకట్లేదు.

చివరికి రాజలింగన్న నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. గవి తప్పు జాగల లెవ్వు మేడం, గవే ఆల్ల జాగలు, అన్నాడు. ప్రతిదీ ఒక్క కాపీ. కావాలన్నవాళ్లు నలుగురు. అందుకని ఎవరికి వాళ్లు ఒక జాగ చూసుకుని దాచుకుంటారు. ఒకరి జాగ ఇంకొకరికి కనపడిందంటే ముట్టరు, చెప్పరు, పుస్తకాల వరస మళ్లీ సర్దేసి వెళ్లిపోతారు. ఈ గదిలో ఒట్టు అదొక్కటే. ఎప్పటినుంచి అట్లా నడుస్తోందో ఆయనకే తెలియదట.

మొదటి రోజే చెప్పొచ్చు కదా అన్నాను. చెప్తే ఒట్టు వొయినట్టు గాదా అన్నాడు.

ఫిబ్రవరి 14

దాచుకోవడం దొంగతనమే అని పూలితో అన్నాను. ఆ పిల్లకు నోరుంది. మేడం, మా ఆటో నిండితెనే కదుల్తది, అంది. వాళ్లు వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. ఎనిమిదింటికొచ్చిన ఊరోళ్లు మంచివన్నీ పట్టుకుపోతే నేనేం సదువాలె, పసుల రోగాలా, అంది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

నేను చేసింది తప్పు కాదు. పని చేశాను. యాప్ చెప్పినట్టు చేశాను.

ఫిబ్రవరి 15

తప్పే చేశానేమో.

ఫిబ్రవరి 18

సార్ కామారెడ్డి ఆఫీసుకు పిలిచారు. యాప్ తెరిచి చూపించారు. ఎల్లారెడ్డి వాడకం: సున్నా. ఇంటికి తీసుకుపోయిన పుస్తకాలనే అది లెక్కపెడుతుంది. అక్కడ ఇంటికి ఎవరూ తీసుకుపోరు. ఒక్క కాపీ ఉన్నవి బయటికి ఇవ్వకూడదని రూలు పెట్టిందీ ఈ ట్రస్టే. అది గుర్తుచేస్తే, కావచ్చు కానీ నీ స్క్రీన్ ఎంత పచ్చగా ఉందో చూడు, ఎవరన్నా ముడితే గింత నీట్‌గా ఉంటయా అన్నారు. సార్, అది నేను సర్దితే అయిన పచ్చ అన్నాను. మంచిదాయె, ప్యాకింగ్ పని అల్కగ, జల్ది అయితది అన్నారు. లారీ మాట్లాడతారట.

నేను కోరుకున్నదే కదా. మరి ఆఫీసు మెట్లు దిగి ఇంటి దారి వదిలి బస్టాండు వైపు ఎందుకు నడిచాను?

ఫిబ్రవరి 19

రాజలింగన్నకు చెప్పాను. మధ్యాహ్నానికి గదంతా తెలిసింది. ఎవరూ గోల చెయ్యలేదు. ఇంకా వేగంగా చదవడం మొదలుపెట్టారు.

పూలి వరండాలోకి వచ్చింది. గీ గది వోతె మేం ఏడ గూసోవాలె మేడం అని అడిగింది. ఇంట్లో అమ్మానాన్న, అన్నావదిన లేరట. చెరుకు నరకడానికి పోయారు. అన్న పిల్లలిద్దరూ ఈమె మీదే. ఒక్క గది ఇల్లు, పుస్తకం తెరిస్తే పిల్లలు మీదెక్కుతారు. పక్కింటావిడ పగలు చూసుకుంటానంటే ఇక్కడికొస్తోంది. ఈ ఏడు ఉద్యోగం కొట్టకుంటె మావోల్లు నన్ను గూడ చెరుకుకే తోలుకపోతరు అంది. కళ్లలో నీళ్లు లేవు. కోపమే ఉంది.

నాకూ కోపం వచ్చింది. మీరు పోయి టేబుల్ మీద కనపడేట్టు చదివి, రిజిస్టర్లో సంతకం పెట్టి చావొచ్చు కదా, ఎలుకల్లాగా దాచుకుంటారేంటి అని అరిచాను. మాకెవరన్న జెప్పిన్రా సంతకం వెట్టుమని అంది. ఎవరూ చెప్పలేదు. రిజిస్టరే లేదు.

ఫిబ్రవరి 21

సెలవు పెట్టాను. ఇంట్లో ఉండలేక కామారెడ్డి బజారంతా ఊరికే తిరిగాను. చెప్పుల షాపులో చెప్పులు వేసి చూసుకుని కొనకుండా వచ్చాను.

ఫిబ్రవరి 24

ఒక ఉపాయం తట్టింది. బస్సులో తాడ్వాయి దగ్గర తట్టింది, ఎల్లారెడ్డి వచ్చేదాకా కూర్చోలేకపోయాను.

పన్నెండో తారీఖున గదంతా పచ్చ. అది యాప్‌లో తేదీతో సహా ఉంది. మళ్లీ స్కాన్ చేస్తే ఎర్రగా వచ్చిన ప్రతి పుస్తకమూ ఆ తర్వాత ఎవరో చేత్తో జరిపిందే. జరిపారంటే చదివినట్టే! అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. మళ్లీ దాచుకోండి. మీ ఇష్టమొచ్చిన చోట. ఎవరికి వాళ్లు వచ్చి జాగ నాకొక్కదానికే చూపించండి. అక్కడే స్కాన్ చేసి అక్కడే వదిలేస్తాను.

సాయికిరణ్ పెన్ను చెవి వెనక దోపుకుని, మాకేమన్న పిచ్చా మేడం, గియ్యాల నీకు జెప్తే రేపు ఫోన్ల ఊరంత చూస్తది అన్నాడు. ఆఫీసుకు ఎరుపు లెక్కే కనపడుతుంది, జాగ నా ఫోన్ దాటి పోదన్నాను. మా అమ్మ మీద ఒట్టు అన్నాను. ఒక్కరూ కదల్లేదు. పోయినసారి వాళ్ల జాగలు చెడగొట్టిన మనిషిని నేనే కదా. ఎందుకు నమ్ముతారు?

ఫిబ్రవరి 26

శివరాత్రి. సెలవు. రాజలింగన్నకు ఫోన్ చేశాను. గది తెరిచే ఉంది, ఒక్కపొద్దున్నోళ్లు గూడ వచ్చిన్రు అన్నాడు. ఎవరైనా దాచారా అని అడిగితే, నాకేమెరుక అని ఫోన్ పెట్టేశాడు. దాచారన్నమాట.

ఫిబ్రవరి 28

పూలి చూపించింది!

అందరూ చాయ్‌కు పోయినప్పుడు నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది. ఈసారి జాగ మార్చింది. ఎక్కడో ఇక్కడ కూడా రాయను. చెయ్యి పెట్టు అంది. అట్ట అతికించిన ఎకానమీ గైడు తగిలింది. సాయికిరణ్ కళ్లుగప్పి ఎట్లా తెచ్చిందో అడగలేదు. స్కాన్ చేశాను. ఫోన్ ఎర్రగా మెరిసి కీచుమంది. ఆ పిల్ల గబుక్కున రెండు అరచేతులతో నా ఫోన్ నోరు మూసింది. ఇద్దరం నవ్వాపుకోలేక ర్యాక్ పట్టుకుని నిలబడ్డాం. తర్వాత సౌండ్ తీసేశాను. ఇన్ని రోజులు ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదో.

సాయంత్రానికి ఇంకో ముగ్గురు వచ్చారు. ఒక్కొక్కరే.

మార్చి 3

దాదాపు అందరూ చూపించారు. సాయికిరణ్ ఆఖర్న వచ్చాడు. ఎవరికన్న జెప్పినవో చూడు మేడం అని బెదిరించి మరీ చూపించాడు. ఇంతలో రాజలింగన్న దగ్గుతూ వచ్చి నిలబడ్డాడు. ఆయనకూ ఒక జాగ ఉంది! బోరు మోటార్ల రిపేరు పుస్తకం. గీ నౌకరి దిగినంక ఏదన్న పని ఉండాలె గద అన్నాడు సిగ్గుపడుతూ.

సింక్ నొక్కి లెక్క ఆఫీసుకు పంపాను. స్క్రీన్ నిండా ఎరుపు. మిరపకాయల కళ్లంలా ఉంది. ఎంత బాగుందో.

మార్చి 4

సార్ ఫోన్. మూడు వారాల్లో గదిని సర్వనాశనం చేశానట. అప్పజెప్పిన పని చాతకానిదానికి పర్మనెంటు కావాల్నా అన్నారు. నాకు ఒళ్లు మండింది. సార్, పచ్చగా ఉంటే ఎవరూ ముట్టలేదన్నారు, ఎర్రగా ఉంటే నాశనమైందంటారు, మరి వీటిని దయ్యాలు జరిపాయా, వచ్చి చూడండి అన్నాను. అంత గట్టిగా సార్‌తో ఎప్పుడూ మాట్లాడలేదు. వస్తా, లారీ ఆయన్ను గూడ తీస్కొని వస్తా అన్నారు.

పర్మనెంటు పోయినట్టే. అమ్మకు చెప్పలేదు.

మార్చి 6

జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

సార్ మధ్యాహ్నం వచ్చారు, వెనకే లారీ ఆయన, ర్యాకులు కొలిచే టేపు పట్టుకుని. గదిలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. సార్ నిలబడే ఉన్నారు. గిది రోజూ ఇట్లనే ఉంటదా, ఇయ్యాల నువ్వు పిలిపించినవా అన్నారు. రోజూ ఇట్లాగే అన్నాను. నమ్మలేదు. అయితే ఎర్రగా చూపిస్తున్న పుస్తకాలు తీసి చూపియ్యి అన్నారు.

తీసి చూపిస్తే గది నిలుస్తుంది. తీసి చూపిస్తే అందరి ముందూ అందరి జాగలూ బయటపడతాయి. ఒట్టు పెట్టింది అమ్మ మీద. పెన్నులన్నీ ఆగిపోయాయి. చూపించను సార్ అన్నాను. సార్ మొహం ఎర్రబడింది. ఫోన్ ఇటియ్యి, అందులనే ఉంటది గద అని చెయ్యి చాపారు. ఫోన్ వెనక్కి దాచుకున్నాను, చిన్నపిల్లలాగా. గిదేం తమాషా, కొలత వెట్టు అని లారీ ఆయనతో అన్నారు.

అప్పుడు పూలి లేచింది. అందరూ చూస్తుండగా తన జాగకు పోయి, చెయ్యి లోపలికి పెట్టి, ఎకానమీ గైడు తీసి టేబుల్ మీద పెట్టింది. గిది నాది అంది. అంతే. సాయికిరణ్ ఆ జాగ వైపు నోరు తెరుచుకుని చూశాడు, రోజూ వాడు వీపు ఆనించి కూర్చునే చోటది. చీ నీ తెలివి అని, వాడూ పోయి తనది తెచ్చాడు. ఇంకొకరు. ఇంకొకరు. రాజలింగన్న మోటార్ల పుస్తకం తెచ్చి అన్నిటికంటే పైన పెట్టాడు. ఇద్దరు మాత్రం కదల్లేదు. వాళ్లను నేను చూడనట్టే ఉన్నాను.

సార్ పూలి పుస్తకం తెరిచారు. పేజీ పేజీకి పెన్సిల్ గీతలు. లైబ్రరీ పుస్తకంల గీతలు గీసిందెవరు అని గట్టిగా అడిగారు. పూలి నేనే సార్ అంది. రబ్బరు వెట్టి తుడువు అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఇంతమందికి ఒక్క కాపీ ఏంది, నాకెందుకు చెప్పలే అన్నారు. లారీ ఆయన టేపు చుట్టేసి, చాయ్ ఏడ దొరుకుతది అని అడిగాడు.

సార్ పోయాక ఏడుపు వచ్చింది. బాత్రూంలో ఏడ్చాను.

మార్చి 10

గది ఉంటుంది. ముఖ్యమైనవి రెండో కాపీ కూడా కొంటారట, ఎప్పుడన్నది చెప్పలేదు. రిజిస్టరు పెట్టమన్నారు. పర్మనెంటు కూడా ఇచ్చారు. ఎల్లారెడ్డిలో! గదిని ఉంచుమన్నది నువ్వే గద, నువ్వే నడుపు అన్నారు సార్. అమ్మకు చెప్తే బీడీ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. పో బిడ్డా, మంచిగైంది నీకు అంది.

రోజూ అదే బస్సు. ఏం చేస్తాను. సంతోషంగానే ఉంది.

మార్చి 12

అందరూ జాగలు మార్చేశారు. నాకు చెప్పలేదు.

పూలి ఈరోజు అక్కా అంది. మేడం అనలేదు. నువ్వెందుకు రాస్తలేవక్కా పరీక్ష అని అడిగింది. గ్రూప్స్ ఒకసారి రాసి తప్పాను, మళ్లీ ఆ జోలికి పోలేదు అన్నాను. ఒక్కపారి తప్పితె ఊకుంటరా, మా తండల బర్రె గూడ గంత జల్ది అలగది అంది. కొట్టబోయాను. నవ్వుతూ ఎకానమీ గైడు నా ముందుకు తోసింది. తను మూడింటికి ఆటోకు పోతుంది. ఆ తర్వాత నువ్వు సదువు, పొయ్యేటప్పుడు నేను చెప్పిన జాగల వెట్టు అంది.

మార్చి 14

నీటిపారుదల అధ్యాయం. ఇందులో పూలి గీసిన గీతలు సగమే చెరిగాయి. ఆ గీతలున్న చోటే అసలు విషయం ఉంటోంది.

మార్చి 17

మూడు నుంచి అయిదు దాకా కూర్చున్నాను. ఒక్కసారి కూడా లేవలేదు. రాజలింగన్న తాళం తీసుకొచ్చి నిలబడి, మేడం పాణం మంచిగున్నదా అని అడిగాడు.

మార్చి 20

గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చేసింది. గదిలో నేల మీద కూడా జాగ లేదు. ఎవరూ ఎవరితో మాట్లాడట్లేదు. పూలి కూడా నాతో మాట్లాడలేదు. ఈసారి పోస్టులు తక్కువక్కా అని మాత్రం పోతూ పోతూ అంది.

మార్చి 21

మూడు దాటాక చూస్తే గైడు పెట్టే చోట లేదు. పూలి జాగ మార్చింది. నా నుంచే దాచింది.

గంట వెతికాను. దొరికింది. ముట్టలేదు. వరస సర్దేసి వచ్చాను.

ఒళ్లంతా మండుతోంది. రేపు నేనూ దరఖాస్తు పెడతాను.